నిన్నటి నీళ్ళు

మేము తెనాలి వదిలి బాపట్ల వచ్చి నాలుగు నెలలు కావస్తోంది. ఈ వయసులో ఊరు మారడమేమిటని అడిగినవాళ్ళకు సముద్రపు గాలి కోసమని చెబుతున్నాను. డాక్టరుగారే రాసిచ్చారని ఒకరిద్దరి దగ్గర అన్నాను కూడా. డాక్టరుగారు రాసిచ్చింది గ్యాసు బిళ్ళలు. అసలు సంగతేమిటంటే, తెనాలిలో మేమున్న మేడమీది వాటాకి అద్దె పెంచారు. మా ఆవిడకు ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, రెండోది వరసలో ఉంది, మెట్లెక్కలేకపోతోంది. తక్కువ అద్దెకు బాపట్లలో లిఫ్టున్న ఫ్లాటు దొరికింది. గాలి సంగతి దిగిన తరవాత తెలిసింది. మా బాల్కనీకి ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు ఉంది. సముద్రం నుంచి వచ్చే గాలంతా ముందు వాళ్ళు పీల్చుకుని, మిగిలింది మాకు వదులుతారు.

అద్దె తగ్గిందని సంతోషించేలోగా నీళ్ళ టిన్ను వచ్చింది. ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పన. వాటితో పప్పు ఉడకదు, పాలు విరుగుతాయి, తలకు పోసుకుంటే జుట్టు కొబ్బరిపీచవుతుంది. ఆ మూడో బాధ నాకు లేదు. మా అంతస్తులో ప్రతి గుమ్మం ముందూ ఒక నీళ్ళ టిన్ను బోర్లా పడుకుని మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పోనీ సముద్రం పక్కనే కదా, చేపలైనా చవగ్గా వస్తాయనుకుంటే, మార్కెట్లో ఆవిడ నా ఇస్త్రీ చొక్కా చూసి తెనాలి ధరే చెప్పింది. కరివేపాకు సైతం కొనాల్సి వస్తోంది. తెనాలిలో అయితే పక్కింటివాళ్ళ కరివేపాకు పిట్టగోడ మీదుగా మాకు అందేది. అందేదంటే వాళ్ళు అందించారని కాదు. నేనే చెయ్యి చాపి కోసుకునేవాణ్ణి.

మా ఆవిడ సామానంతా సర్దింది, ఒక్క పెద్ద అట్టపెట్టె తప్ప. అది పడకగదిలో కిటికీ కింద, తెనాలిలో చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. ఏముందందులో అంటే చెప్పదు. ఎప్పుడు విప్పుతావంటే, ఇక్కడ ఉంటామో లేదో తేలనివ్వండి అంటుంది. ఆవిడ తేల్చుకునే పద్ధతి నాకు తెలుసు. పొరుగువాళ్ళు తిన్నావా అని అడగాలి, కూర గిన్నె అటూ ఇటూ తిరగాలి, ఎవరో ఒకరి మీద ఎవరో ఒకరు వచ్చి చాడీ చెప్పాలి. నాలుగు నెలల్లో ఇందులో ఒక్కటీ జరగలేదు. లిఫ్టులో అందరూ అంకెలు చూస్తూ నిలబడతారు. నేను పలకరించబోతే ఫోను తీస్తారు.

ఇంతలో ముగ్గు గొడవ వచ్చింది. మా ఆవిడ రోజూ పొద్దున్నే మగ్గుతో గుమ్మం ముందు టైల్స్ మీద నీళ్ళు చల్లి, వంగలేక వంగి, అరచేయంత ముగ్గు పెడుతుంది. ఒకరోజు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. కారిడార్‌లో నీళ్ళు పోయవద్దని మనవి, జారుతోంది, అని. చివర దణ్ణం పెట్టే చేతులు. పెట్టింది ఎదురు ఫ్లాటు అనూష. కాలేజీలో పాఠాలు చెబుతుంది, అత్తగారితో, మొగుడితో ఉంటుంది, ఎదురుపడితే నవ్వుతుంది. ముఖం మీద నవ్వుతూ వెనక నుంచి ఫోనులో దణ్ణం పెట్టడం మా ఆవిడకు మింగుడుపడలేదు. మర్నాటి నుంచి ముగ్గు లేదు. ఆదివారం తెనాలి వెళ్ళి కిందవాటా ఏదైనా ఉందేమో చూసి రమ్మంది. పెన్షన్లో సగం అద్దె కట్టే ముసలాణ్ణి నేను, మళ్ళీ అంత అద్దె ఎక్కడ తేను? ఆవిడ మనసు మళ్ళించాలని మా అమ్మ కథ ఎత్తుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ వింటున్న కథే. విన్న ప్రతిసారీ కొత్తగా ఉంటుందని ఆవిడే అంటుంది. అది మెచ్చుకోలు కాదు.

నాకు బళ్ళో వేసే ఈడు వచ్చేసరికి మేము తెనాలిలో ఒక పెంకుటింటి లోగిలిలో ఉండేవాళ్ళం. ఆ లోగిలిలో పన్నెండు కాపురాలు. మా ఆవిడ ఇక్కడే అడ్డు తగులుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నాలుగు. కాని గోల మాత్రం పన్నెండు కాపురాలదే. ఒకరింట్లో పోపు పెడితే నలుగురింట్లో తుమ్మేవారు. అమ్మ ఉదయం కాఫీపొడి అరువు తెచ్చేది, మధ్యాహ్నం చింతపండు అరువిచ్చేది, సాయంత్రం ఆ రెంటి గురించీ తగువు పెట్టుకునేది. అమ్మకు అదే స్వర్గం. నాన్నకు కాదు. ముందువాటాలో ఉండే ఇంటామె మా గదిలో దీపం ఎంతసేపు వెలిగిందో కిటికీలోంచి చూసి అద్దెతో కలిపి అడిగేది. కట్టెలు కొనాలి, పిడకలు కొనాలి, పాలు కొనాలి, చేప ఎప్పుడైనా చుట్టాలొస్తే కొనాలి. ఒక్క నీళ్ళకే డబ్బు లేదు. కాలవ నిండుగా పారేది, ఎన్ని బిందెలు ముంచుకున్నా అడిగేవాడు లేడు. బట్టల కొట్లో గుమాస్తాగా నాన్నకొచ్చే జీతం నెల సగం తిరక్కుండానే ఎటో పోయేది. అందుకని రేపల్లె అవతల, సముద్రం ఒడ్డున, ఒకే పంతులుండే బడిలో ఉద్యోగం వచ్చిందనగానే నాన్న రెండో మాట మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఇంటికి అద్దె లేదు. ఊరంతా చేపలే. ఇంక ఖర్చేముంది అన్నాడు.

తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, బస్సెక్కి, బస్సు ఇక పోనన్నచోట దిగి, ఇసకలో రోజంతా నడిచాం. రోజంతా కాదు, నేను మధ్యలో కూలబడ్డాను కాబట్టి నాకలా అనిపించింది. మిగతా దూరం నాన్న భుజం మీద సాగింది, అంతకుముందు దూరం కూడా చాలావరకు అక్కడే సాగింది. ఊరి పేరు చెప్పను. వాళ్ళ మనవలు ఇప్పుడు కార్లలో తిరుగుతున్నారు, చదివారంటే నా అబద్ధాల లెక్క తేలుస్తారు. వలలు ఎండేసిన వాసన, పడవలకు పూసే నూనె వాసన, ఎండుచేపల వాసన, మూడూ కలిసి ఎదురొచ్చి మమ్మల్ని ఇంట్లోకి తీసుకెళ్ళాయి. పంతులిల్లు తాటాకుల ఇల్లు. అమ్మ ట్రంకుపెట్టె తాళం తియ్యలేదు. పైన దుప్పటి పరిచి కుర్చీలా వాడుకుంది. నాన్న అడిగితే, మనుషులెలాంటివాళ్ళో చూడనివ్వండి, బాగుంటే విప్పుతాను, లేకపోతే పిల్లాణ్ణి తీసుకుని అంగలకుదురు పోతాను, అంది. అంగలకుదురు అమ్మ పుట్టిల్లు. నాన్న సంపాదించిన కొత్త ఉద్యోగం ఇటు, పెళ్ళాం కొడుకూ అటు అయ్యేటట్టున్నారు.

మొదటి రోజులు బాగానే నడిచాయి. పంతులుగారి కుటుంబమని ఊళ్ళో ఆడవాళ్ళు వంతులేసుకుని రోజూ తెల్లవారకముందే ఒక బిందెడు మంచినీళ్ళు తెచ్చి మా అరుగు మీద దించేవారు. ఎక్కువగా వచ్చేది మా పక్కింటి నాంచారమ్మ. ఆమె ఏడడుగుల మనిషి, నోరు తెరిస్తే ఒడ్డున కొంగలు లేచిపోయేవని నేను చెబుతుంటాను. నిజానికి మా అమ్మ భుజానికి వచ్చేది. కొంగల మాట మాత్రం నిజం. అయితే అంత నోరున్న మనిషి మా వాకిట్లో మాత్రం పెదవి కదిపేది కాదు. బిందె దించేది, మా వాకిలి వంక చూసేది, కొంగు సర్దుకుని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు మిగతావాళ్ళు కూడా అంతే. అమ్మ నవ్వితే తలొంచుకునేవారు. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. చేపలు కుప్పలుగా పడి ఉన్న ఊళ్ళో మేము ఊరగాయ వేసుకుని తినేవాళ్ళం. కొంటామంటే పంతులుగారి దగ్గర డబ్బు తీసుకుంటామా అనేవారు, తీసుకోనూ లేదు, చేప ఇవ్వనూ లేదు. కుక్కలు నా కన్నా బలిసి ఉండేవి.

అమ్మ చేస్తున్న పని ఏమిటో ఇప్పుడు చెప్పాలి. కాలవగట్టున పుట్టిన ఆడవాళ్ళకు రాత్రి నిలవున్న నీళ్ళు పాచినీళ్ళు. పొద్దున్నే వాటిని పారబోసి, బిందె తోమి, కొత్తనీళ్ళు పట్టాలి. అలా పట్టని ఇంటికి మంచి పేరుండదు. మా అమ్మ పొదుపరి. పాచినీళ్ళు ఊరికే పారబోయడం ఇష్టంలేక, వాటితోనే వాకిట్లో కళ్ళాపి చల్లేది. ఇసక కదా, ఎన్ని చల్లినా తాగేసేది. ఇంకా చల్లేది. పెరట్లో ఉప్పునీళ్ళ బావి ఉంది, కాని ఆ నీళ్ళు గుమ్మంలో చల్లితే లక్ష్మీదేవి ముఖం చిట్లించి వెళ్ళిపోతుందని ఆవిడ నమ్మకం. అలా రోజూ నాంచారమ్మ కొత్త బిందెతో వాకిట్లోకి వచ్చేసరికి, అమ్మ నిన్నటి బిందె చివరి చుక్కదాకా చల్లి, తడి ఇసక మీద ముగ్గు వేసుకుంటూ, వచ్చినావిడను చూసి ఎంతో మర్యాదగా నవ్వేది.

ఆ నెల చివర అమ్మ నాన్నతో చెప్పేసింది, ఆదివారం బస్సుకి వెళ్ళిపోతున్నానని. శత్రువునైనా అన్నం తిన్నావా అని అడిగే ఊళ్ళో పెరిగాను, ఈ రాతి మనుషుల మధ్య ఉండలేనంది. నాన్న బడికి వెళ్ళి పిల్లలచేత ఎక్కాలు చెప్పించాడు, ఆ రోజు మామూలుకన్నా గట్టిగా చెప్పించాడట. మర్నాడు నాంచారమ్మ వచ్చినప్పుడు అమ్మ ఆమెతోనూ చెప్పింది, ఇక నీళ్ళు తేనక్కర్లేదు, ఆదివారం మా ఊరు పోతున్నాను అని.

"మంచిదండి," అంది నాంచారమ్మ. ఆ మాట ఎంత నిండు మనసుతో అందంటే అమ్మ ముఖం మాడిపోయింది. నాంచారమ్మ నాలుగడుగులు వేసి ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "పోయేముందు ఒక్కసారి నాతో రాండి అమ్మగోరూ. ఆ ఖాళీ బిందె పట్టుకోండి."

ఊరి వెనక ఇసక దిబ్బల మధ్య మోకాటిలోతు గుంటలు తీసి ఉన్నాయి. చెలమలంటారు వాటిని. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఆ గుంటల్లో అడుగున తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఊరడమంటే కాలవ పారినట్టు కాదు, ముసలివాడి కంట్లో నీరు చేరినట్టు. ఒక కొబ్బరి చిప్పతో అడుగున గీరి, అర చిప్పెడు వస్తే బిందెలో పోసి, మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. తొందరపడి గీరితే ఇసక లేస్తుంది, ఆ చిప్ప వృథా. ఆడవాళ్ళంతా ఒక్కో చెలమ దగ్గర బాసిపట్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. మా అమ్మను చూసి మాటలు ఆపారు. నాంచారమ్మ తన చెలమ దగ్గర జరిగి చోటిచ్చి, చిప్ప అమ్మ చేతికిచ్చింది.

నేను పక్కనే ఉన్నాను. నేనూ ఒక బిందె తోడానని ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. నేను చేసింది పీతల వెంట పరిగెత్తడం. అమ్మ మాత్రం తోడింది. మొదట ఇసక తోడింది, తరవాత బురద తోడింది, ఆ తరవాత నీళ్ళు తోడింది. ఎండ ఎక్కింది. బిందె మెడదాకా వచ్చేసరికి ఆవిడ రవిక చెమటకు తడిసి, బిందెలోకన్నా ఒంటి మీదే ఎక్కువ నీళ్ళున్నట్టుంది. అప్పుడు అడిగింది.

"రోజూ ఇంతసేపా, నాంచారమ్మా?"

"ఎండాకాలం ఇంకా సేపండి."

అమ్మ చిప్ప కింద పెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళను చూసింది. "మరి నేను రోజూ పారబోస్తుంటే ఒక్కరైనా చెప్పకూడదా?"

"పంతులుగోరి ఇంటావిడకి ఎట్టా చెప్తామండి," అంది నాంచారమ్మ. "అదేదో మీ పూజ అనుకున్నాం. పూజకి ఎన్ని బిందెలు పడతాయోనని మాలో మేం లెక్కేసుకుంటన్నాం."

అమ్మకు ఏడుపొచ్చిందని ఒకలా, నవ్వొచ్చిందని ఒకలా నేను చెబుతుంటాను. రెండూ వచ్చాయని అమ్మే తరవాత చెప్పింది, ఏది ముందో ఆవిడకే గుర్తులేదు. బిందె చంకనెత్తుకుని లేచింది. ఇసకలో రెండడుగులు వేసేసరికి కాలు దిగబడి, బిందె ఒరిగి, నీళ్ళు తొణికాయి.

"ఒసేయ్, నడుం నిలబెట్టవే," అని నాంచారమ్మ కొంగలు లేచేటట్టు అరిచింది. "నీ బాబు తవ్వించిన కాలవనుకున్నావా?"

నాంచారమ్మ నాలుక కరుచుకుంది. మా అమ్మ మాత్రం ఆ తిట్టును కడదాకా దాచుకుంది. ఆ ఊళ్ళో నన్ను మొట్టమొదట మనిషిగా చూసింది నాంచారమ్మేనని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, ఆ తిట్టును అదే గొంతుతో తిట్టి మరీ చూపించేది. ఆ రోజు ఇంటికి రాగానే చెలమ నీళ్ళలో ఇసక తేలుతుంటే వడపోయడానికి పల్చటి గుడ్డ కావలసి వచ్చింది. ట్రంకుపెట్టె మీది దుప్పటి తీసి, తాళం తీసి, అడుగున ఉన్న పాత నేతచీర లాగి నిలువునా చించింది. సగం నాంచారమ్మకిచ్చింది. పెట్టె తెరిచాక అందులోవి ఒక్కొక్కటే అరమారలోకి వచ్చాయి. ఆదివారం బస్సు మమ్మల్ని ఎక్కించుకోకుండానే పోయింది. ఆ సాయంత్రం మా అరుగు మీద చేపలు పడ్డాయి. ఇంటెత్తు అని చెప్పడం నాకు అలవాటు. తట్టెడు.

అప్పటి నుంచి అమ్మ బావిలోని ఉప్పునీళ్ళే వాకిట్లో చల్లింది. ఎండెక్కేసరికి ఉప్పు పేరి వాకిలంతా తెల్లటి ముగ్గు పరుచుకునేదని, మా అమ్మ చెయ్యి పెట్టనక్కర్లేకపోయేదని నేను రాద్దామనుకున్నాను. నాలుగు తెల్లమచ్చలు కనిపించేవి, వాటినీ కోళ్ళు పొడిచేవి. లక్ష్మీదేవికి ఉప్పు పడినట్టే ఉంది, నాన్న జీతంలో నెలాఖరుకి కూడా కొంత మిగిలేది.

తరవాత మా పిన్ని పెళ్ళికి నాంచారమ్మ మాతోపాటు అంగలకుదురు వచ్చింది. ఉత్త చేతులతో ఎలా వస్తానని తాటాకు బుట్టనిండా చేపలు తెచ్చింది. పెళ్ళింట్లోకి చేపలు తేవచ్చా అని ఎవరికీ తోచనంత అభిమానంతో తెచ్చింది. రైలు పెట్టెలో మా చుట్టూ బోలెడు ఖాళీ దొరికింది. అమ్మమ్మ వాసనకు మూర్ఛపోయిందని చెబుతాను కాని, ముక్కుకు కొంగు అడ్డంపెట్టుకుని వీధిలో పంచేయమంది, అంతే. నాంచారమ్మ గడపగడపకూ తిరిగి ఇచ్చింది. ఎంత అని అడిగారు. ఊరికే అంటే నమ్మలేదు. ఒకావిడ నిన్నటివా అంది, ఇంకొకావిడ తీసుకుని తలుపేసుకుంది. ఊరికే వచ్చే చేప ఆ వీధికి ఎంత అనుమానమో, ఊరికే పారే కాలవ నాంచారమ్మకు అంత అనుమానం. మెట్ల మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టి, పెళ్ళి భోజనాలకు పిలిచినా లేవలేదు. ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయని మా అమ్మను అడిగింది. మీ సముద్రంలోకే అంది అమ్మ. అయ్యో, మరి మా గుమ్మం ముందుగా పోవచ్చు కదా అంది. తిరుగు ప్రయాణంలో బిందెనిండా కాలవ నీళ్ళు చుక్క తొణకకుండా మోసుకెళ్ళి వాళ్ళ వాడంతటికీ రుచి చూపించింది. బిందె కాదు, సోడాసీసా. కాని రుచి చూపించింది.

ఇంతవరకూ చెప్పి, చూశావా ఆనాటి మనుషులు, నోటితో తిట్టి కడుపులో పెట్టుకునేవారు, ఈ ఫోను దణ్ణాలు లేవు, అన్నాను మా ఆవిడతో. ఆవిడ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, నెలంతా నోరు మూసుకున్నారని మీరే చెప్పారుగా, ఈ అమ్మాయి ఫోనులోనైనా చెప్పింది, అంది. ఇన్నేళ్ళుగా నేను అన్ని హంగులూ చేర్చి మోసుకొచ్చిన కథలో ఈ కన్నం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు వెళ్ళి ఎదురింటి తలుపు దబదబ బాది, ఆ మెసేజి సంగతేంటని నిలదీశాను. బెల్లు నొక్కాను. పేపరు మా గుమ్మంలో పడలేదు, మీకేమైనా వేశాడా అని అడిగాను. మా పేపరు నా చంకలోనే ఉంది, అనూష అది చూసింది, తలుపు బార్లా తీసింది. లోపల సోఫాలో వాళ్ళ అత్తగారు పాదానికి కట్టుతో, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మెలిక పడింది, ఎముక విరగలేదట. ఎక్కడ జారిందని అడిగాను. అనూష తలుపు గడియ వంక చూసింది.

"మీ గుమ్మం ముందే అంకుల్. ఆంటీ పెద్దావిడ కదా, అంత కష్టపడి వంగి ముగ్గు పెడతారు. ముఖం మీద ఎలా చెప్పాలో తెలీక గ్రూపులో పెట్టానండి."

లోపల నుంచి అత్తగారు, ముగ్గు బాగుంటుందని చెప్పవే ముందు, అంది. బాత్రూముకి వెళ్ళాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోందని, కోడలికి కాలేజీ టైమవుతోందని, నాకు మర్యాదగా అర్థమయ్యేట్టు చెప్పింది.

నేను వచ్చి మా ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇందులో నేను కలిపింది లేదు, నిలదీశానన్న ముక్క తప్ప. ఆవిడ మగ్గు తీసుకెళ్ళి బాత్రూములో బోర్లించింది. తరవాత గదిలోకి వెళ్ళి కిటికీ కింద నిలబడింది.

"కత్తెర పట్రండి. ఈ పెట్టెలో నా వాకరు ఉంది."

ఆపరేషనప్పుడు కొన్నది. ముసలిదాన్నని ఊరంతటికీ చాటుకోవాలా అని ఒక్కరోజూ పట్టుకోకుండా దాచేసింది. నాలుగు నెలలుగా అందులో ఏముందో ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. టేపు కోసేసరికి వాకరు కాళ్ళ సందుల్లోంచి పచ్చడి జాడీ, కవ్వం, ముగ్గుగిన్నె, నా పాత శాలువా, అన్నీ బయటపడ్డాయి. వాకరు తీసుకుని ఆవిడే ఎదురింటికి వెళ్ళింది. పది నిమిషాల్లో వస్తుందనుకుని కాఫీకి పాలు పెట్టాను. పాలు పొంగాయి, చల్లారాయి. ఎదురింట్లోంచి ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది, వాకరు ఎత్తి పెట్టాలమ్మా, ఈడ్చకూడదు, నడుం నిలబెట్టు, అని.

ఇప్పుడు మా గుమ్మం ముందు తడి లేని ముగ్గు, వాళ్ళ గుమ్మం ముందు దానికి తోబుట్టువు. మా ఆవిడ ఇక తెనాలి మాట ఎత్తలేదని రాసి ముగిద్దామనుకున్నాను. ఎత్తింది. మరుసటి ఉదయమే, నీళ్ళ టిన్ను ధర చూసి ఎత్తింది. ఆదివారం ఇల్లు చూసి రమ్మని కూడా అంది. సరేనని, తిరిగి సర్దాలి కదా, ఆ అట్టపెట్టె ఎక్కడ పెట్టావని అడిగాను. పాత పేపర్లవాడికి వేసేశానంది.